జొన్నరొట్టెంత చిల్లు

నా పని మంచిదని ఎవరైనా ఒక కాగితం మీద రాసిస్తే చూసుకోవాలని జన్మలో ఒక్కసారి ఆశపడ్డాను. ఆ ఒక్క ఆశనూ నా ముఖాన కొట్టారు. ఇన్నేళ్ళయినా గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. కాబట్టి ముందే చెబుతున్నాను, ఓర్పూ క్షమా కావలసినవాళ్ళు ఇందులో వెతుక్కోవద్దు. ఆదివారం మా చర్చిలో వాక్యం చదివేది నేనే. క్షమించమని రాసి ఉన్న చోట్లు కూడా గొంతు వణక్కుండా చదువుతాను. చదవడం వేరు, చేతనవడం వేరు.

మాది సాతంరాయి. బెంగుళూరు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో మా బాపు లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. పెళ్ళయిన మూడేళ్ళకే నేను పుట్టింటికి తిరిగొచ్చాను. ఆ కథ ఇక్కడ వద్దు, అదొక్కటే ఒక పుస్తకమవుతుంది. వచ్చిన మర్నాటి నుంచే బాపు పక్కన కూర్చుని దబ్బనం పట్టాను. షెడ్డు ఓనరును అందరూ సేటు అనేవారు. ఈ చుట్టుపక్కల మనిషే. నోరు మంచిది, నవ్వు మంచిది, పని చేయించుకునేంత వరకు మనసు కూడా మంచిదే.

బాపు నాకు ముందుగా నేర్పింది కుట్టు కాదు. చిరిగిన టార్పాలిన్ వస్తే, చిరుగు చుట్టూ శుభ్రంగా కత్తిరించి, పైన అతుకు వేస్తాం. ఆ కత్తిరించిన ముక్కను మాత్రం పారేయకూడదు. లారీ అతను వచ్చి టార్పాలిన్ తీసుకుపోయేదాకా మన దగ్గరే ఉంచుకోవాలి. ఎలుక కొరికిందా, తాడు ఒరుసుకుందా, ఇనపకడ్డీ గుచ్చుకుందా, అంతా ఆ ముక్కలోనే ఉంటుంది. "నీ కుట్టు ఖరాబున్నది, అందుకే వోయింది" అని అతను ఎగిరితే, మాట్లాడకుండా ముక్క తీసి చేతిలో పెట్టాలి. "ముక్క మన సాక్షి బిడ్డా" అనేవాడు బాపు. ఆయన పీట కింద ఒక గోనెసంచి నిండా అలాంటి ముక్కలుండేవి.

ఎయిర్‌పోర్టు తెరిచాక రోడ్డు రూపే మారిపోయింది. ఎటు చూసినా ఫంక్షన్ హాళ్ళు లేచాయి, మా టార్పాలిన్ పని పలచబడింది. అప్పుడు సేటు ఎక్కడి నుంచో ఒక ఇంజినీరును తెచ్చాడు. కోస్తా మనిషి, పెళ్ళాం పిల్లలతో బుద్వేల్‌లో కిరాయికి ఉండేవాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. నన్ను "అమ్మా" అని పిలిచిన మొదటి సారు అతనే. ఆ ఒక్క పిలుపుకే నేను పొంగిపోయానంటే, అంతవరకు నన్ను ఎలా పిలిచారో మీరే అనుకోండి.

అతను తెచ్చిన కొత్త పని గ్యాస్ బెలూన్లు. హోటళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో మిగిలిపోయిన అన్నం, కూరలు, డెయిరీల పేడ, అన్నీ ఒక పెద్ద సిమెంటు ట్యాంకులో పోసి కుళ్ళబెడతారు. అందులోంచి గ్యాస్ పుడుతుంది. అది గాలిలో కలిసిపోకుండా ట్యాంకు మూతి మీద ప్లాస్టిక్ పూత పూసిన మందపాటి గుడ్డ కప్పి, అంచుల చుట్టూ ఇనప పట్టీలు పెట్టి బోల్టులతో బిగిస్తారు. గ్యాస్ పుట్టేకొద్దీ గుడ్డ పైకి ఉబ్బుతుంది, పొయ్యిలకు వాడుకునేకొద్దీ కిందికి కుంగుతుంది. ఇంజినీరు దానికి ఏదో పెద్ద పేరు చెప్పేవాడు. మా నోటికి బెలూన్ అనే వచ్చింది, అదే నిలిచింది.

దీనికి సూది పనికిరాదు. సూదిపోటంత రంధ్రమున్నా గ్యాస్ పోతుంది. కమలాపండు తొనల్లాగా గుడ్డను కత్తిరించి, ఒకదాని అంచు మీదికి ఇంకొకదాన్ని నాలుగు వేళ్ళ మేర ఎక్కించి, ఆ మధ్యలో వేడిగాలి గన్ను పెట్టి, వెనకాలే రోలరుతో నొక్కుకుంటూ పోవాలి. అలా అతికిన దాన్నే మేం జాయింటు అనేవాళ్ళం. వేడి తక్కువైతే వారం తిరక్కుండా ఊడొస్తుంది. ఎక్కువైతే పైపూత మాడిపోయి లోపలి దారం బయటపడుతుంది. బయటపడ్డ దారం ఎండకు ఎండి, గాలికి ఒరిసి, కొన్నాళ్ళకు పుచ్చిపోతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బాపు కళ్ళు అప్పటికే మసకబారాయి, ఆయన వల్ల కాలేదు. నాకంటే ముందు ఇద్దరు మగవాళ్ళు గన్ను పట్టారు. ఒకడు మాడ్చాడు, ఒకడు పచ్చిగా వదిలేశాడు. విసుగొచ్చి ఇంజినీరు దాన్ని నా చేతికిచ్చాడు. నాకు మీటరులో అంకె చూసే పనే లేకపోయింది. పొగ లేవబోయే ముందు ఆ గుడ్డ నుంచి తియ్యటి వాసన ఒకటి వస్తుంది, అక్కడే చెయ్యి కదపాలి. నేను వేసిన జాయింటు నుంచి ఒక పట్టీ కోసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని బలంకొద్దీ లాగారు. గుడ్డ చిరిగింది గానీ జాయింటు ఊడలేదు. ఇంజినీరు ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ చేతికి దండం పెట్టాలమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట బాపుకు మూడుసార్లు చెప్పాను.

ఆ రోజుల్లోనే అతను ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఎయిర్‌పోర్టు వైపు పెద్ద పెద్ద డేరాలు, గుడ్డ పైకప్పులు చేసే కంపెనీ ఒకటి వస్తోందట. వేడిగాలి పని తెలిసినవాళ్ళను ఆడా మగా తేడా లేకుండా తీసుకుంటారట. "కాకపోతే ఎక్స్‌పీరియెన్సు లెటరు అడుగుతారమ్మా. ఈ మొదటి బెలూన్ నిలబడనీ, సేటుగారితో నేనే రాయిస్తాను" అన్నాడు. పదో తరగతి మెమో తప్ప నా పేరున్న కాగితం మా ఇంట్లో ఇంకోటి లేదు. అందులో లెక్కల మార్కులు చూస్తే దాన్ని కూడా దాచిపెట్టుకోవాల్సిందే. ఆ లెటరు మీద నాకు పిచ్చి పట్టింది. లేస్తే అదే, పడుకుంటే అదే.

బాపు నవ్వాడు. "కాయిదం ఎందుకు బిడ్డా? నీ పనే నీ కాయిదం."

"ఊకో బాపూ. ఇన్నేండ్లు కుట్టి కుట్టి కండ్లు వోగొట్టుకున్నవ్. నీకెవలిచ్చిన్రు కాయిదం?" అని కసిరాను.

మొదటి బెలూన్‌లో ప్రతి జాయింటూ నేనే వేశాను. షెడ్డు నేల మీద మోకాళ్ళతో పాకుతూ వేశాను, మోకాళ్ళు కాయలు కాచాయి. శంషాబాద్ దాటాక లోపలికి ఉన్న ప్లాంటుకు తీసుకుపోయి ట్యాంకు మీద బిగించాం. ట్యాంకులో గ్యాస్ ఇంకా తయారవలేదు, ఫ్యాన్‌తో గాలి నింపి ఉబ్బించాం. ట్యాంకు చుట్టూ మనిషి నడిచేంత ఇనప నడవ ఉంటుంది. దాని మీద తిరుగుతూ, నడుముకు తాడు కట్టుకుని పైకెక్కుతూ, జాయింటు జాయింటుకూ సబ్బునీళ్ళు పూశాను. ఎక్కడైనా గాలి పోతుంటే అక్కడ బుడగ లేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పూశాను, ఒక్కటంటే ఒక్క బుడగ లేవలేదు. ఇంజినీరు ఆ సంగతి తన పుస్తకంలో రాసుకోవడం నా కళ్ళతో చూశాను.

మర్నాడు ప్రారంభం. ప్లాంటు పెట్టిన పార్టీవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, ఫొటోలు తీసే అతను, షామియానా, అన్నీ వచ్చాయి. పూజ చేసుకున్నారు. నాకు అందులో పేచీ ఏమీ లేదు, ఎవరి ప్రార్థన వాళ్ళది. హారతి పళ్ళెం నా దాకా వచ్చినప్పుడు చేతులు జోడించి పక్కకు జరిగాను. షెడ్డులో ఆయుధపూజ అప్పుడు కూడా ఎప్పుడూ అలాగే చేసేదాన్ని. ఆ రోజూ ఎవరూ ఏమీ అనలేదు.

పూజయ్యాక సేటుకు దిష్టి తీయాలని బుద్ధి పుట్టింది. "గింత పెద్దగ ఉబ్బి కనవడుతున్నది. కింద వోయెటోళ్ళ దిష్టే గాదు, మీద విమానంల వోయెటోళ్ళ దిష్టి గుడ తాకుతది," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బూడిదగుమ్మడికాయ తెప్పించి, పైన కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగించాడు. ఇల్లు కట్టినా, షాపు తెరిచినా, లారీ కొన్నా అందరూ చేసేదే. కింద నిలబడి మూడుసార్లు తిప్పి నేలకేసి కొడితే అయిపోయేది. కాదు, ఫొటో బాగా రావాలట! మండుతున్న కాయను పట్టుకుని మెట్లెక్కి నడవ మీదికి పోయాడు. బెలూన్‌కు ఎదురుగా నిలబడి, కాయను పైకెత్తి తిప్పడం మొదలుపెట్టాడు. ఫొటో అతను కింది నుంచి "సేటూ, జర ఇటు చూడుండ్రి" అని కేకేశాడు. సేటు ఇటు చూశాడు, చేతిలో కాయ ఒరిగింది. మండే కర్పూరం బిళ్ళ జారి, బెలూన్ అంచు దగ్గరి మడతలో పడి అక్కడే మండసాగింది.

"సేటూ, నిప్పు! బెలూన్ మీద నిప్పు వడ్డది!" అని అరిచాను.

సేటు వెనక్కి తిరిగి, భుజం మీది తువ్వాలుతో దాన్ని దులిపేశాడు. కాయను కిందికి విసిరి పగలగొట్టాడు. తర్వాత నా వైపు చూసి పళ్ళు నూరాడు. "శుభమా అని పని జేస్తుంటే ఏం ఒర్రుడు పిల్లా అది?" అన్నాడు. కింద అందరూ చప్పట్లు కొట్టారు.

జనం భోజనాలకు పోయాక నేను పైకెక్కి చూశాను. రూపాయి బిళ్ళంత నల్లమచ్చ. పూత కరిగిపోయింది, గోటితో గీకితే దారం కనిపించింది. చిల్లు మాత్రం పడలేదు. దగ్గర్లో ఉన్న జాయింటు ఆ మచ్చకు జానెడు దూరంలో ఉంది. ఇంజినీరు కూడా వచ్చి వంగి చూశాడు, వేలితో తడిమాడు. "సార్, గన్ను వెంటే ఉన్నది. ఇప్పుడే చిన్న అతుకేస్త. అద్దగంట పని," అన్నాను. అతను దిగి సేటును అడిగాడు.

సేటు అంతెత్తు లేచాడు. "ఇయ్యాల్నే షురువు, ఇయ్యాల్నే అతుకా? పెండ్లి పొద్దు కొత్త చీరకు అతుకేసి కడ్తరా ఎవలన్న? పార్టీ జూస్తే ఏమనుకుంటది? ఖరాబు మాల్ తెచ్చిన్రనుకుంటది. ఓ పది రోజులు పోనియ్యి."

ఆ పది రోజులు రానే లేదు. నేను అడిగినప్పుడల్లా ఇంజినీరు "వచ్చే వారం చూద్దామమ్మా" అన్నాడు. గ్యాస్ పుట్టడం మొదలైందనీ, ఇప్పుడు ఆపితే పార్టీవాళ్ళు ఒప్పుకోరనీ అన్నాడు. నాలుగోసారి తర్వాత నేనే అడగడం మానేశాను. దాచేదేముంది, లెటరు మీద సేటు సంతకం ఇంకా పడలేదు. దిష్టికాయ సంగతి ఎత్తి ఆయనకు కోపం తెప్పిస్తే కాగితం రాదేమోనని నోరు మూసుకున్నాను. ఇందులో నా పాపం కూడా పిడికెడు ఉంది, ఒప్పుకుంటున్నాను.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. ప్లాంటులో గ్యాస్ సగానికి పైగా వాడేసి ఉన్నారు, బెలూన్ కుంగి వదులుగా ఉంది. వదులు గుడ్డను గాలి పట్టిందంటే ఊరికే వదలదు. ఆపకుండా ఊపింది. సాయంత్రానికి షెడ్డుకు ఫోనొచ్చింది, బెలూన్ చిరిగింది, గ్యాస్ అంతా పోయింది, పొయ్యిలు ఆరిపోయాయి అని. సేటు ముఖం నల్లబడింది. మర్నాడు పొద్దున్నే ఇంజినీరునూ నన్నూ పంపించాడు.

మిగిలిన గ్యాస్ పోవడానికి సగం పూట ఫ్యాన్ పెట్టి గాలి కొట్టించాం. కుళ్ళిన గుడ్ల కంపు. తర్వాత పైకెక్కాను. దారిలో నా ప్రాణం నా చేతిలో లేదు, జాయింటే పోయిందేమో, వాసన చూడటంలో నేనే పొరబడ్డానేమో అని. చూస్తే చిరుగు సరిగ్గా నల్లమచ్చ దగ్గరే మొదలైంది. పుచ్చిన దారం అక్కడ తెగింది. అక్కడి నుంచి జానెడు దూరం చిరుగుతూ వచ్చి, జాయింటు అంచు దగ్గర ఠక్కున ఆగిపోయింది. జాయింటు దగ్గర గుడ్డ రెండు పొరలుంటుంది కదా, దాన్ని దాటలేకపోయింది. ఆ జాయింటే లేకపోతే బెలూన్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చీలిపోయేది. నా చెయ్యి దాన్ని ఆపింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

"సార్, జూడుండ్రి. మచ్చ కాడికెల్లి షురువైంది. జాయింటు కాడ ఆగింది," అన్నాను.

అతను కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. "నిజమేనమ్మా. కర్పూరమే," అన్నాడు. ఈ మాట అతని నోటితోనే అన్నాడు, పైనున్న దేవుడే సాక్షి.

చిరుగు చుట్టూ గుండ్రంగా కత్తిరించాను. జాయింటును తాకకుండా, దాని అంచు దాకా. జొన్నరొట్టెంత ముక్క వచ్చింది. ఒక చివర నల్లమచ్చ, మచ్చ నుంచి రెండో చివరకు చిరుగు, అద్దంలో చూసినట్టు స్పష్టంగా ఉంది. ఇక దాని మీద అతుకు వేయాలి. చిల్లు చుట్టూ నాలుగు వేళ్ళ మేర ఎక్కువ ఉంటేనే అతుకు నిలుస్తుంది. అంటే విస్తరాకంత గుడ్డ వేయాలి, అది తప్పనిసరిగా జాయింటు మీదికి వస్తుంది. ఆ మాటే అతనితో చెప్పాను. "సార్, బయటి నుంచి చూసెటోళ్ళకు జాయింటే వోయింది అన్నట్టు కనవడుతది. లోపల్నుంచి చూస్తే తప్ప తెల్వదు."

"బెలూన్ లోపలికి ఎవరు పోతారమ్మా? అయినా ముక్క ఉందిగా. నాకివ్వు, సేటుగారికీ పార్టీకీ నేనే చూపిస్తాను. మళ్ళీ గాలి లేచేలోపు నువ్వు అతుకు కానివ్వు."

ఇచ్చాను. అతను దాన్ని పాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. బాపు పీట కింది గోనెసంచి నీకు గుర్తు రాలేదా అని మీరడగొచ్చు. వచ్చింది. వచ్చినా ఇచ్చాను. అమ్మా అన్నాడు కదా! ఛీ, నా బుద్ధికి చెప్పులు తెచ్చి కొట్టాలి. ఆ తర్వాత నేను వేసిన అతుకు నా జన్మలో వేసినవాటన్నిట్లోకి మంచిది. అంచు ఎక్కడుందో వేలికి కూడా తగలనంత నున్నగా నొక్కాను.

వారం తర్వాత ప్లాంటు మేనేజరు షెడ్డుకు వచ్చాడు. సేటు, ఇంజినీరు, అతను కూర్చున్నారు, నన్ను పిలిచి నిలబెట్టారు. ఇంజినీరు తాను రాసిన రిపోర్టు చదివాడు. జాయింటు వద్ద వెల్డింగు లోపం వల్ల, అంటే నేను సరిగ్గా అతకనందువల్ల, గుడ్డ విడిపోయిందని రాసి ఉంది. మేనేజరు తల ఊపాడు. "నేనూ చూశాను, అతుకు సరిగ్గా జాయింటు మీదే ఉంది," అన్నాడు. పాపం, అతని తప్పేముంది, అతను చూసింది బయటి నుంచి.

నేను ఇంజినీరు వైపు తిరిగాను. "సార్, ముక్క సూపెట్టుండ్రి."

"ఏ ముక్కమ్మా?" అన్నాడు. తల ఎత్తలేదు, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

నేను నోరు తెరిచేలోపు సేటే అందుకున్నాడు. "ముక్కలు లేవు గిక్కలు లేవు. కర్పూరం గిర్పూరం అని కథలు చెప్పకు. పని రాకుంటే రాదని ఒప్పుకోవాలె. ఆ పొద్దు హారతి గుడ తీస్కోకపాయె, గప్పుడే అనుకున్న ఏందో అయితదని."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇన్నేళ్ళు ఆ షెడ్డులో వాళ్ళ పండగకు వాళ్ళ ప్రసాదం, మా క్రిస్మస్‌కు మా కేకు పంచుకు తిన్నవాళ్ళం. అయినా ఏడవలేదు. "నేను ముక్క అన్న, కర్పూరం అన్లే సేటూ. గా మాట నీ నోట్లకెల్లే వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవలంటే భుజాలు తడుముకుంటున్నవేంది?" అన్నాను. మేనేజరు అర్థం కాక ఒకసారి నా ముఖం, ఒకసారి సేటు ముఖం చూశాడు.

"రేపటి సంది పనికి రాకు," అన్నాడు సేటు.

గేటు దగ్గర ఇంజినీరు నా వెనకే గబగబా వచ్చాడు. "నన్ను కూడా అర్థం చేసుకోమ్మా. నా ఉద్యోగం, పిల్లల చదువులు… ఓనరు మీద నేనెలా రాస్తాను?" అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది. ఉండి ఎవరికి లాభం?

"మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండ్రి సార్. అమ్మా అని మాత్రం పిలవకుండ్రి," అన్నాను. అంతే, మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

ఇంటికొచ్చి బాపుకు అంతా చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. తిట్టలేదు. "ముక్క ఇచ్చినవా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. ఇచ్చానన్నాను. ఆయన చెయ్యి నా తల మీద పెట్టి, చాలాసేపు తీయలేదు. సేటు అన్న మాటలన్నీ కలిపినా దానంత నొప్పి పెట్టలేదు.

డేరాల కంపెనీ నిజంగానే వచ్చింది. పోయాను. లోపలికి పిలిచి, ఎక్కడ పని చేశావని అడిగారు, చెప్పాను. లెటరు అడిగారు, లేదన్నాను. గన్ను ఇస్తే చేసి చూపిస్తానన్నాను. వాళ్ళు నా ముందే షెడ్డుకు ఫోను చేశారు. అవతల ఏం చెప్పారో నాకు వినబడలేదు, ఫోను పెట్టేసిన మనిషి ముఖం చూస్తే సరిపోయింది. ఆ తర్వాత ఎయిర్‌పోర్టు దగ్గర ఒక ఆఫీసు బిల్డింగులో హౌస్‌కీపింగు పనికి కుదిరాను. మాపు కర్ర, ఫినాయిలు, నీలం యూనిఫారం. కష్టం చేయడానికి నాకేం సిగ్గు లేదు. వచ్చిన పనిని చేయనివ్వకపోవడమే నా మంట.

బాపు పోయాడు. షెడ్డు కూడా పోయింది, ఆ జాగాలో ఫంక్షన్ హాలు పార్కింగు వచ్చింది. ప్లాంటు కూడా మూతపడిందని, సామానంతా తుక్కు కింద అమ్మేశారని విన్నాను. అయ్యో అనిపించలేదు, అబద్ధమెందుకు.

తెలంగాణ వచ్చిన ఏడు వానాకాలంలో ఒకరోజు డ్యూటీకి పోతుంటే దారిలో వాన పట్టుకుంది. రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన టీ బండి ఉంటే దాని కింద దూరాను. నాలుగు గుంజలు పాతి పైన పెద్ద గుడ్డ కట్టుకుంది ఆ బండి ఆమె. నా ఈడుదే ఉంటుంది. టీ ఇమ్మని చెప్పి, ఊరికే పైకి చూశాను. పాత అలవాటు, గుడ్డ ఏదైనా ముందు జాయింటు చూస్తాను.

లోపలి వైపు కిందికి ఉంది. గ్యాస్ పట్టి పట్టి గోధుమరంగుకు తిరిగిన గుడ్డ. ఒక జాయింటు, గీత గీసినట్టు. దాని అంచును ఆనుకుని, కానీ తాకకుండా, జొన్నరొట్టెంత గుండ్రటి చిల్లు. చిల్లు వెనకాల విస్తరాకంత అతుకు.

నేను బెంచీ ఎక్కి చేత్తో తడిమాను. జాయింటు గట్టిగా ఉంది, గోరు కూడా దూరలేదు. చిల్లు దాని దాకా వచ్చి ఆగిందని గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. ఏ సాక్ష్యం కోసం అంత ఏడ్చానో అది ఇన్నాళ్ళూ ఆ బెలూన్ లోపల, ఎవరూ చూడలేని చోట, ఉన్నదున్నట్టే ఉంది.

"ఏందక్కా, ఏం జూస్తున్నవ్?" అంది బండి ఆమె.

"గీ గుడ్డ ఏడ కొన్నవక్కా?"

"జల్‌పల్లి స్క్రాపు గోదాంల. ఏందో గ్యాస్ డేరా అంట, ముక్కలు కోసి అమ్మిన్రు."

"గీ చిల్లున్న కాడ, జాయింటు తోని కలిపి, నాకు కోసియ్యవా? జానెడు, రెండు జానలు చాలు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయ్యో, అది గోస్తే ఎట్లనక్కా? మస్తు చోట్ల కారుతున్నది గని, గా అతుకు కాడ ఒక్క చుక్క వడదు. జూడు, అందుకే పొయ్యి గుడ దాని కిందనే వెట్టుకున్న. ఎవలేసిన్రో గని మంచి చెయ్యి."

"నేనే ఏసిన," అన్నాను.

ఆమె నా నీలం యూనిఫారం చూసింది, పక్కన పెట్టుకున్న సంచిలోంచి బయటికి కనిపిస్తున్న రబ్బరు గ్లౌజులు చూసింది. "నువ్వా?" అని నవ్వి, పాలు పొంగుతుంటే పొయ్యి వైపు తిరిగిపోయింది.

బాపు ఉంటే, ముక్క తీసి చేతిలో పెట్టు బిడ్డా అనేవాడు. ముక్క నెత్తి మీదే ఉంది. కోస్తే ఆమె పొయ్యి ఆరిపోతుంది. కింద ఆ కాస్త చోటే పొడిగా ఉంది, వాన తగ్గేదాకా అక్కడే నిలబడి, తర్వాత డ్యూటీకి పోయాను.